సమస్యాపూరణం: పండ్లు తక్కువైన పదును హెచ్చు

నిర్వాహకుడు (హన్మకొండ):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం: "పండ్లు తక్కువైన పదును హెచ్చు". పైకి పొసగని మాట, పండ్లు ఊడితే నమలడమే కష్టం కదా. కానీ ఇది నాకు స్క్రోల్ సా (సన్న బ్లేడ్‌తో చెక్కను మలుపులుగా కోసే రంపపు యంత్రం) ముందు కూర్చున్నప్పుడు దొరికింది. పోయిన నెల 38 మిల్లీమీటర్ల టేకులో కాకతీయ కీర్తితోరణం కోస్తున్నాను. సన్నగా వస్తుందని 3 నంబర్ బ్లేడ్ వేశాను, హంస మెడ మలుపు దగ్గర అది ముందుకు కదలలేదు, ఇంకొంచెం నెట్టాను, కమురు వాసన వచ్చింది. చెక్క తిప్పి చూస్తే పైన కోత గీత మీదే ఉంది, అడుగున మాత్రం రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. బ్లేడ్ విల్లులా వంగిపోయిందన్నమాట. మెడ లోపలి అంచంతా నల్లగా మాడింది. 9 నంబర్ స్కిప్ టూత్ (ఇంకా వెడల్పుగా, పండ్లు ఎడంగా ఉండే బ్లేడ్) వేశాక అదే చెక్క నింపాదిగా తెగింది.

పండ్లు రంపానివైనా సరే, మనిషివైనా సరే. పదును ఎందుకు హెచ్చిందో మాత్రం పద్యంలోనే తేలాలి.

చేవకర్ర (ములుగు):
అన్నా, నా పూరణ.

మందమైన టేకు మలుపులు కోయగ
పొట్టు నిలిచి మాడు, పొగలు లేచు;
ఎడము లున్న చోట నిట్టె రాలును పొట్టు;
పండ్లు తక్కువైన పదును హెచ్చు!

నిర్వాహకుడు:
కారణం సూటిగా చెప్పారు. స్కిప్ టూత్ అంటే ఒక పన్ను విడిచి ఒక పన్ను, ఆ ఖాళీలోనే పొట్టు కూర్చుని బయటికి వస్తుంది. మందం పెరిగేకొద్దీ ఒక్కో పన్ను మోయాల్సిన పొట్టు పెరుగుతుంది, చోటు లేకపోతే అది అక్కడే రాసుకుని వేడెక్కుతుంది. మూడో పాదంలో ఎ–ఇ స్వరయతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ అచ్చుల మైత్రి) చక్కగా కుదిరింది. "పొట్టు" రెండుసార్లు రావడమే నాకు నచ్చలేదు. "ఎడము లున్న చోట నిట్టె రాలిపడును" అంటే గణాలు చెడవు, పొట్టు అని మళ్ళీ అనక్కర్లేదు.

చేవకర్ర:
బాగుంది, మార్చుకుంటాను.

పంతులు (జగిత్యాల):
నేను మనిషి వైపు వెళ్ళాను. మా తాత వడ్రంగి, చివరి రోజుల్లో నోట్లో పన్ను లేదు, ఆయన ఒక్క మాట అంటే ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు.

బోసి నోటి తాత బుద్ధులు చెప్పగా
మాట యుండు రంపమంత వాడి;
గట్టి మనసు కూడ కరగి లొంగును చూడు;
పండ్లు తక్కువైన పదును హెచ్చు!

నిర్వాహకుడు:
పంతులు గారూ, భావం మనసుకు తగిలింది. రెండో పాదంలో యతి మాత్రం ఒప్పుకోలేను. "రంపము + అంత" అని విడదీస్తే అక్కడ ఉన్నది అకారం, దానికి "మా"తో మైత్రి లేదు. "మాట చేవకర్ర మలచి చెక్కు" అని చూడండి (చేవకర్ర అంటే ఇక్కడ గట్టి కర్ర), యతి దక్కుతుంది, తాత గారి వృత్తి కూడా పద్యంలోకి వస్తుంది.

పంతులు:
నిజమే, చూసుకోలేదు. మీ పాదమే ఉంచుతాను.

పొనికిబొమ్మ (నిర్మల్):
మాది పొనికి కర్ర పని, మెత్తన, ఏ బ్లేడ్ అయినా నడుస్తుంది. ఈ మధ్యే గట్టిదైన జిట్రేగి కర్ర ముట్టుకున్నాను, అప్పుడు బ్లేడ్ నంబర్ల విలువ తెలిసింది. పద్యంలో ముప్పాతిక అంటే ముప్పాతిక అంగుళం మందం.

మూడు పలుచకైతె, ముప్పాతికకు నైదు,
తొమ్మిదింటి వంతు దొడ్డ చెక్క;
అంకె పెరుగు కొలది నంతరమును సాగు;
పండ్లు తక్కువైన పదును హెచ్చు!

చేవకర్ర:
అక్కా, లెక్క సరిగ్గా ఉంది. 2/0 లాంటి సన్న బ్లేడ్‌కు అంగుళానికి పాతిక పైన పండ్లుంటాయి, 9 నంబర్ స్కిప్ టూత్‌కు పదకొండు పన్నెండే, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. ఒక్క అభ్యంతరం. పండ్లు తగ్గితే పదును పెరగదు, ఉన్న పదును నిలుస్తుంది. వేడే దాన్ని తినేసేది. టేకులో ఇసుక లాంటి సిలికా కూడా ఉంటుంది, ఎంత మంచి బ్లేడ్ అయినా అరుగుతుంది, అరిగాక నెట్టడం కంటే మార్చడం నయం.

పొనికిబొమ్మ:
ఒప్పుకుంటాను తమ్ముడూ, కానీ సమస్య పాదం మనం మార్చలేం కదా. మూడో పాదంలో పొట్టు మాట తెచ్చి ఉంటే నీ అభ్యంతరానికి జవాబు దొరికేది, అది నా లోపమే. ఇంకొకటి అడగాలి, 9 నంబర్ వెడల్పు కదా, ఇరుకు మలుపు ఎట్లా తిరుగుతుంది?

నిర్వాహకుడు:
తిరగదు. హంస ముక్కు దగ్గర నేను 9తో రెండు వైపుల నుంచి వచ్చి మొనలో కలిపాను, పారేసే చెక్క వైపు పెద్దగా చుట్టు తిరిగి. అక్కడే నిలబెట్టి తిప్పితే మళ్ళీ మాడుతుంది. బ్లేడ్ టెన్షన్ కూడా చూసుకోవాలి, వేలితో మీటితే ఖణేల్‌మని మోగాలి, మొద్దుగా పలికితే ఇంకా బిగించాలి. గీసిన కాగితం మీద పారదర్శక ప్యాకింగ్ టేప్ అంటిస్తే మాడటం బాగా తగ్గుతుంది, మొదటి హంసకు అది చేయలేదు.

అక్కా, మూడో పాదం మార్చి రేపు సాయంత్రం లోపు పెట్టండి. మాడిన హంసను పారేయలేదు, కొత్తదాని పక్కన పెట్టి ఫోటో తీసి రేపు ఇక్కడే పెడతాను.