అప్‌డేట్: కుంజుమ్ పాస్ వెళ్లొచ్చాక స్టీరింగ్ వణుకు - కారణం దొరికింది

పోయిన నెల ఇక్కడే అడిగాను. కారులో బెంగళూరు నుంచి హిమాచల్‌లోని స్పితి లోయకి, కుంజుమ్ పాస్ (ఎత్తైన కొండ కనుమ) మీదుగా వెళ్లి తిరిగొస్తుంటే, చండీగఢ్ దాటి హైవే ఎక్కినప్పటి నుంచి స్పీడు 80 దాటితే స్టీరింగ్ వణికేది. 60 లోపు ఏమీ లేదు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "చక్రాలు విప్పి రిమ్ లోపలి వైపు చూడు తమ్ముడూ" అన్న అన్నకి మరీ మరీ. సరిగ్గా అదే!

కుంజుమ్‌కి వెళ్లే దారిలో గ్రాంఫూ నుంచి బాతల్ దాకా అంతా కంకర, గుండ్రాళ్లు, అడ్డంగా పారే వాగులు. ఆ వాగుల బురద రిమ్ లోపల పట్టి, ఎండి రాయిలా అయింది. బయటికి కనపడదు. మారతహళ్లిలో మెకానిక్ విప్పి చూపిస్తే ముందు కుడి చక్రంలో అరచేయంత పెళ్ల! గీకి, కడిగి, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా రిమ్‌కి చిన్న బరువులు అంటించడం) చేశాడు. నిన్న తుమకూరు హైవే మీద చూశాను, వణుకు పూర్తిగా పోయింది.

అంతకుముందు ఇంకో షాపులో బురద తియ్యకుండానే బ్యాలెన్సింగ్ చేసి బరువులు అంటించారు. రెండు రోజులు బాగుంది, ఒక పెళ్ల ఊడగానే మళ్లీ మొదలు. కాబట్టి ముందు కడిగించండి, ఆ తర్వాతే బ్యాలెన్సింగ్.

అలైన్‌మెంట్ (చక్రాలు సరైన కోణంలో ఉండటం), బేరింగ్ బాగానే ఉన్నాయి. రిమ్ వంగలేదు, టైర్ల లోపలి వైపు కూడా ఎక్కడా ఉబ్బు లేదు. కుంజుమ్ పాస్ మీద పికప్ తగ్గిందని కూడా అప్పుడు రాశాను, దానికీ ఈ వణుకుకీ సంబంధం లేదు. సుమారు 4,500 మీటర్ల ఎత్తులో గాలి పలచన, నాది టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) లేని పెట్రోల్ బండి. కిందికి దిగాక అదే సర్దుకుంది.

వచ్చే వారం నాన్నను ఇదే కారులో నెల్లూరు తీసుకెళ్లాలి. టెన్షన్ తీరింది.