అప్‌డేట్: ఐపీ సంకేతం బలంగా ఉన్నచోటే ముందు డ్రిల్ చేయాలా?

పల్నాడు జిల్లా అగ్నిగుండాల ప్రాంతంలో సీసం కోసం చేసిన ఐపీ సర్వేలో (ప్రేరిత ధ్రువణం: భూమిలోకి విద్యుత్తు పంపి, ఆపాక మిగిలే వోల్టేజీని కొలిచే పద్ధతి) ఒకటి బలంగా, ఒకటి బలహీనంగా రెండు ఎనామలీలు, అంటే చుట్టుపక్కల కంటే భిన్నమైన సంకేతమిచ్చే చోట్లు, వచ్చాయని, మొదటి బోరు ఎక్కడ వేయాలని అడిగాను. గ్రాఫైట్ కూడా సల్ఫైడ్ (గంధకంతో కలిసిన లోహ ఖనిజం) లాగే సంకేతమిస్తుంది, కింద బరువైన రాయి ఉందో లేదో చెప్పే గురుత్వ సర్వే చేసి చూడండి అన్నవారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

చేయించాం. గ్రాఫైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.2 గ్రాములే, సీసపు సల్ఫైడ్ ఖనిజమైన గెలీనాది 7.5. బలమైన ఎనామలీ మీద గురుత్వం పెరగనే లేదు. అక్కడ కందకం తవ్వితే వేళ్లకు మసిలా అంటుకునే గ్రాఫైట్ ఉన్న నల్లటి ఫిల్లైట్ (పలుచని పొరలుగా చీలే రాయి) బయటపడింది. బలహీనమైన దాని మీద మాత్రం చిన్నదే అయినా స్పష్టమైన పెరుగుదల ఉంది. ఈ గురుత్వ సర్వేలో కొలిచే చోటు ఎత్తును సరిగ్గా తెలుసుకోవడమే ప్రాణం. ఒక మీటరు తేడా వస్తే దాదాపు 0.2 మిల్లీగాల్ (గురుత్వ తేడాలను కొలిచే ప్రమాణం) తప్పుతుంది. మనం వెతికే సంకేతమే అంత ఉండవచ్చు!

అందుకే బలహీనమైన దాన్నే ఎంచుకుని, పొరల వాలుకు అడ్డంగా ఏటవాలు బోరు వేశాం. కోర్‌లో (బోరు నుంచి తీసిన రాతి కడ్డీలో) బూడిదరంగు డోలమైట్ (సున్నపురాయి లాంటి శిల) మధ్య గెలీనా ఘనాలు తళతళలాడుతూ కనిపించాయి. మందం తక్కువే, గనికి సరిపోతుందని ఇప్పుడే అనలేం. ప్రయోగశాల ఫలితాలు రావాలి. ఈలోగా ఆ ఖనిజం తగిలిన లోతులోనే ఎలక్ట్రోడ్ దించి విద్యుత్తు పంపి, పైన వోల్టేజీ కొలిచి, ఆ ఖనిజం ఎటు సాగిందో చూడబోతున్నాం. రెండో బోరు స్థలం దాన్నిబట్టే.