కోహా లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పుస్తకాలు వెతికితే రావట్లేదు, అడుగుదామంటే పక్కన ఇంకో లైబ్రేరియన్ లేరు

గుంటూరు లైబ్రరీ మేడమ్:
అందరికీ నమస్తే. గుంటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. నేనూ, ఒక అటెండరూ, అంతే మా సైన్యం. పోయిన వేసవిలో కోహా పెట్టించాం. పెట్టిన అబ్బాయి వేరే ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు, ఫోన్ చేస్తే పాపం ఎత్తుతాడు కానీ ఎన్నిసార్లని చేస్తాం. ఇంగ్లీషు పుస్తకాలు బానే వస్తున్నాయి. మొన్న ఒకమ్మాయి తెలుగులో నవల పేరు కొడితే ఏమీ లేదని చూపించింది, అదే పుస్తకం మూడు కాపీలు నా వెనక బీరువాలో ఉన్నాయి. పైగా పాత లిస్టంతా ఎప్పుడో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టింది, ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గీతలు.

అసలు బాధ ఇది కాదు. లెక్చరర్లకు డిపార్ట్‌మెంట్ ఉంటుంది, డౌటొస్తే పక్క కుర్చీలో అడుగుతారు. నాకు పక్క కుర్చీ లేదు. ఒక మూడు రోజుల వర్క్‌షాపుకు సొంత డబ్బుతో వెళ్లాను. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. రెండో రోజు స్లైడ్లు. మూడో రోజు గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. కంప్యూటర్ మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఇంకోసారి ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) అడిగితే మా ప్రిన్సిపాల్ గారు "లైబ్రరీకి తాళం వేసి ఎక్కడికెళ్తారమ్మా" అన్నారు. విజయవాడ, గుంటూరు వైపు లైబ్రేరియన్లు కలిసి పని నేర్చుకునే ఏర్పాటు ఏదైనా ఉందా?

బెజవాడ క్యాటలాగర్:
మేడమ్, ముందు ఆ వెతుకులాట సంగతి చూద్దాం. కోహాలో వెతికి పెట్టే భాగాన్ని జీబ్రా అంటారు, మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే దాని సెట్టింగు ఇంగ్లీషు లాంటి భాషలకు సరిపోయేలా ఉంటుంది. తెలుగుకు దాన్ని ఐసీయూ అనే సెట్టింగుకు మార్చి, రికార్డులన్నీ మొత్తం రీఇండెక్స్ చేయాలి, అంటే వెతుకులాటకు వాడే సూచిక మళ్లీ కట్టించాలి. ముందు బ్యాకప్ తీసుకోండి, బ్యాకప్ లేకుండా ముట్టుకోవద్దు. అను ఫాంట్ లిస్టును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, కానీ వత్తుల దగ్గర తప్పులు వస్తాయి, కూర్చుని దిద్దుకోవాల్సిందే, అడ్డదారి లేదు.

వేరే లైబ్రరీల క్యాటలాగుల్లోంచి రికార్డులు తెచ్చుకునే జడ్ 39.50 పద్ధతితో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి తెలుగు పుస్తకాల రికార్డులు దించుకుంటే ఇంకో తమాషా. చాలా వాటిలో పేర్లు రోమన్ లిపిలో, పైన గీతలు కింద చుక్కలతో ఉంటాయి. మన పిల్లలు అలా వెతుకుతారా? రికార్డులో వేరే లిపి కోసం ఉండే 880 ఫీల్డులో తెలుగు లిపి పేరు కూడా చేర్చండి.

ఇక మీ అసలు ప్రశ్న. మేం మూడు కాలేజీల వాళ్లం నెలకో శనివారం మధ్యాహ్నం కూర్చుంటాం. సంఘం కాదు, పేరు లేదు, బ్యానర్ లేదు. రూల్ ఒక్కటే, ఎవరి పని వాళ్లు తెచ్చుకోవాలి, లెక్చర్లు వద్దు. మొదటి శనివారమే ఇంటిపేర్ల దగ్గర గొడవైంది. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంకొకరు అసలు పేరు, నేనేమో ఇనీషియల్స్. మూడు క్యాటలాగులు పక్కపక్కన పెడితే ఒకే రచయిత ముగ్గురయ్యాడు! రెండు గంటలు వాదించుకుని ఒక పద్ధతి అనుకున్నాం, కాగితం మీద రాసుకున్నాం. ఇప్పుడు ఒకరు చేసిన తెలుగు రికార్డును మార్క్ ఫైలుగా (లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు చదివే రికార్డు ఫైలు) పంపితే మిగతా ఇద్దరూ దించుకుంటున్నాం. ఒకే పుస్తకాన్ని ముగ్గురం మూడుసార్లు కొట్టే ఖర్మ తప్పింది.

ప్రమోషన్ కోసం ఎదురుచూపు:
శనివారం సభ బాగుంది సర్, కానీ సర్టిఫికెట్లను మరీ అంత తీసిపారేయకండి. యూజీసీ స్కేల్లో ఉన్నవాళ్లకు 2018 నిబంధనల ప్రకారం జీతం లెవల్ 10 నుంచి 11 కి ప్రమోషన్ మీద వెళ్లాలంటే 21 రోజుల ఓరియంటేషన్, ఆపైన ఆటోమేషన్ లాంటి వాటి మీద కనీసం 5 రోజుల శిక్షణ ఉండాలి. మీరు ముగ్గురూ కూర్చుని ఎంత నేర్చుకున్నా ఆ ప్రమోషన్ ఫైల్లో దానికి గడి లేదు. మూడు రోజుల సర్టిఫికెట్ కూడా ఆ లెక్కలోకి రాదు మేడమ్, వెళ్లే ముందే రోజులు లెక్కపెట్టుకోండి. నేను ఒకసారి అలాగే మునిగాను.

బెజవాడ క్యాటలాగర్:
ఒప్పుకుంటా. స్కేల్లో ఉన్నవాళ్లకు అది తప్పదు. మేడమ్‌ది ప్రైవేటు కాలేజీ అన్నారు కదా అని అలా చెప్పాను.

రిటైరైన మాస్టారు:
అమ్మా, నువ్వు అడిగింది కొత్త ప్రశ్నేం కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ బెజవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగి గ్రంథాలయాలవాళ్లను ఒకచోటికి చేర్చారు, గ్రంథాలయ సర్వస్వం పత్రిక నడిపారు. పాతూరి నాగభూషణం గారైతే కాలువలో పడవ మీద పుస్తకాలు పంపించారు. వాళ్లకు ఓడీ ఎవరిచ్చారు? సరే, అది వేరే కాలం, నీకు హాజరు రిజిస్టరు ఉంది, నాకు తెలుసు.

ఒక్క మాట. వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టకండి. నేను నాలుగింట్లో ఉన్నాను, నాలుగింట్లోనూ పువ్వులే. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి కాలేజీ కొనుగోళ్ల కోసం ఎలాగూ వస్తారు కదా, స్టాళ్ల దగ్గర చేతిలో జాబితాతో తిరిగేవాళ్లను పలకరించు. నా స్నేహాలు సగం అక్కడ కలిసినవే. ప్రిన్సిపాల్‌తో "మీటింగ్" అనకు. పక్క కాలేజీ నుంచి ఇద్దరు వచ్చి మన క్యాటలాగు ఉచితంగా సరిచేస్తారు అని చెప్పు. మొదటిసారి నీ దగ్గరే పెట్టుకుంటే తాళం గొడవే ఉండదు.

గుంటూరు లైబ్రరీ మేడమ్:
అందరికీ థ్యాంక్స్. బ్యాకప్ తీసి, ఆ బెంగళూరు అబ్బాయిని ఫోన్‌లో పెట్టుకుని ఐసీయూకి మార్చాం. రీఇండెక్స్ అయ్యేదాకా ఒకటే టెన్షన్. నవల పేరు కొట్టాను, మూడు కాపీలూ వచ్చాయి. మాస్టారూ, మీరు చెప్పిన మాట అచ్చం అలాగే అన్నాను, "ఉచితంగానా" అని రెండుసార్లు అడిగి సరేనన్నారు. బ్రాడీపేటలో ఒక కాలేజీ మేడమ్, మంగళగిరి నుంచి ఒక సర్ రెండో శనివారం వస్తామన్నారు. క్యాటలాగర్ గారూ, ఇంటిపేర్ల మీద మీరు రాసుకున్న ఆ కాగితం ఫొటో పెట్టగలరా? ఆ రెండు గంటల గొడవ మేం మళ్లీ మొదట్నుంచి పడలేం.

బెజవాడ క్యాటలాగర్:
పెడతాను. నా చేతిరాత చదవగలిగితే మీ అదృష్టం. కలం పేర్ల సంగతి మాత్రం మేమూ ఇంకా తేల్చుకోలేదు, మీరు ముందు తేలిస్తే మాకు పంపండి.