వెస్ట్‌బ్రుక్ మారాడా, అతని చుట్టూ ఉన్న స్పేసింగ్ మారిందా?

ఎన్‌బీఏని (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌ని) లోతుగా ఫాలో అయ్యేవాళ్లు కాస్త చెప్పండి. స్పేసింగ్ అంటే, తోటి ఆటగాళ్లు దూరదూరంగా నిలబడటం వల్ల కోర్టులో దొరికే ఖాళీ.

2020 ఫిబ్రవరిలో హ్యూస్టన్ రాకెట్స్ తన సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) కపేలాని ట్రేడ్ చేసేసి, 6 అడుగుల 5 అంగుళాల పీజే టకర్‌ని ఆ చోట ఆడించింది. మిగతా నలుగురూ త్రీ పాయింట్ లైన్ బయటే ఉండటంతో ఆ జట్టు గార్డ్ వెస్ట్‌బ్రుక్‌కి పెయింట్ (బుట్ట ముందున్న చోటు) ఖాళీ, నేరుగా రిమ్ దాకా దూసుకెళ్లేవాడు. అదే మనిషి 2021-22లో లేకర్స్‌కి వచ్చేసరికి తేలిపోయాడు. జట్టు 33 గెలిచి 49 ఓడింది.

ఆ లేకర్స్ మ్యాచ్‌లు మళ్లీ చూస్తుంటే నా కళ్లు డిఫెండర్ల కాళ్ల మీదే ఉంటున్నాయి. వెస్ట్‌బ్రుక్‌ని కాయాల్సినవాడు, షూట్ చేస్తే చేసుకోనీ అన్నట్టు వదిలేసి పెయింట్‌లోకి జరిగిపోతాడు. దాంతో తోటి స్టార్ లెబ్రాన్ డ్రైవ్‌కి (బంతితో బుట్ట వైపు దూసుకెళ్లడానికి) కూడా దారి ఉండదు. అంటే ఇరుకు వల్ల నష్టపోయేది అతనే, ఆ ఇరుక్కి ఒక కారణమూ అతనే! నాకు చిక్కుముడి పడేది ఇక్కడే.

సిస్టమ్ వాటా ఎంత, ఆటగాడి వాటా ఎంత అని మీరెలా విడదీస్తారు? ఆన్-ఆఫ్ లెక్కల్లో (అతను కోర్టులో ఉన్నప్పుడు, లేనప్పుడు జట్టు స్కోరు తేడా) పక్కన ఆడేవాళ్ల ప్రభావం కలిసిపోతుంది కాబట్టి అవి చాలవనిపిస్తోంది. బాల్ చేతిలో లేనప్పుడు అతను స్క్రీన్ పెట్టి (డిఫెండర్‌కి అడ్డు నిలబడి) బుట్ట వైపు రోల్ అయినా, బేస్‌లైన్ (బుట్ట వెనక గీత) మీదుగా కట్ చేసి బుట్ట వైపు దూరినా లెక్క మారేదా? ఫలానా మ్యాచ్‌లో ఫలానాది గమనించు అని చెప్పినా చాలు, కూర్చుని చూస్తాను.