కంప్యూటర్ సైన్స్ మేజర్‌కి మైనర్‌గా మ్యాథ్స్ తీసుకోవాలా, స్టాటిస్టిక్స్ తీసుకోవాలా?

ఆమదాలవలస అన్నయ్య:

అందరికీ నమస్కారం. మా చెల్లి శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఆనర్స్ కంప్యూటర్ సైన్స్‌లో చేరింది. 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక పాత ఎంపీసీ, ఎంపీసీఎస్ గ్రూపులు పోయాయి కదా. ఒక మేజర్ ఉంటుంది, రెండో సెమిస్టర్ నుంచి దానికి తోడు ఒక మైనర్. వాళ్ల కాలేజీలో మైనర్‌కి మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ రెండూ ఉన్నాయట. వచ్చే సోమవారంలోగా ఏదో ఒకటి రాసివ్వాలి.

ఇంటర్ ఎంపీసీ చేసింది. రెండో ఏడు మ్యాథ్స్ పేపర్లలో, 2ఏలో 75కి 68, 2బీలో 49. ప్రాబబిలిటీ లెక్కలు ఇష్టంగా చేసుకునేది, ఇంటెగ్రేషన్ వచ్చేసరికి పుస్తకం మూసేసేది. మా మావయ్య స్కూల్ టీచరు. "మ్యాథ్స్ వదిలేస్తే డీఎస్సీ దారి మూసుకుపోతుంది" అంటున్నారు. కాలేజీలో సార్ ఏమో డేటా ఉద్యోగాలకి స్టాటిస్టిక్సే మేలన్నారట. నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే మాట. చెల్లికి టెన్షన్ పట్టుకుంది. నేను ఐటీఐ చేసినవాణ్ణి, ఈ రెండిటికీ తేడా ఏమిటో నాకు తెలీదు. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల మేష్టారు, బొబ్బిలి:

బాబూ, మ్యాథ్సే ఇప్పించండి. 24 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. ఆ పక్షపాతం నాకు ఉంది. కానీ కారణాలు కూడా ఉన్నాయి.

"సార్, అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రాలో ఈ గ్రూపులు, రింగులు, ఫీల్డులు కంప్యూటర్‌లో ఎక్కడొస్తాయి?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. టీ కొట్టు గోడ మీద ఫోన్‌పే క్యూఆర్ స్టిక్కర్ చూపిస్తాను. ఎండకి వెలిసిపోయి ఉంటుంది, ఓ మూల చిరిగి ఉంటుంది, అయినా స్కాన్ అవుతుంది. అందులో అసలు సమాచారంతో పాటు రీడ్-సాలమన్ కోడు కూడా ఉంటుంది. 1960లో వచ్చిన పద్ధతి అది. 256 మూలకాలున్న ఫీల్డు మీద బహుపదులతో లెక్క కట్టి, చెరిగిపోయిన భాగాన్ని తిరిగి రాబడుతుంది. గట్టి స్థాయిలో ముద్రిస్తే దాదాపు 30 శాతం పాడైనా చదవగలదు. ఆన్‌లైన్‌లో మన రహస్యాలకి తాళం వేసే పద్ధతుల్లో ఒకటైన ఆర్‌ఎస్‌ఏ 1977లో వచ్చింది. దానికి పునాది శేషాల అంకగణితం. ఇవి స్టాటిస్టిక్స్ పుస్తకంలో దొరకవు.

ఇంకో మాట. 2బీలో 49 వచ్చిందని అమ్మాయికి ఇంటెగ్రేషన్ రాదని తేల్చేయకండి. ఇంటర్‌లో చాలాచోట్ల ఫార్ములాల పట్టీ ఇచ్చి బట్టీ పట్టిస్తున్నారు. గ్రాఫు గీసి, కింద వైశాల్యాన్ని సన్నటి ముక్కలుగా కోసి చూపించే తీరిక ఎవరికీ లేదు. ఆ తప్పు పిల్లది కాదు.

రాజాం కోడర్:

మేష్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను 2020లో ఎంపీసీఎస్‌లో (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్) చేరాను. ఇప్పుడు విశాఖలో డేటా పనిలో ఉన్నాను. మాకు మొదటి సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, రెండులో సాలిడ్ జామెట్రీ, మూడులో అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా. లీనియర్ ఆల్జీబ్రా నాలుగో సెమిస్టర్‌కి గానీ రాలేదు. గోళం, శంకువు సమీకరణాలు ఉద్యోగంలో నాకు ఒక్కరోజూ అక్కరకు రాలేదు. లీనియర్ ఆల్జీబ్రా రోజూ వస్తోంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది చెబుతాను. ఒకే పేజీని రెండు రకాలుగా చేసి కొంతమందికి ఒకటి, కొంతమందికి ఇంకొకటి చూపించారు. ఒకదానిలో కొనుగోళ్లు కాస్త ఎక్కువ వచ్చాయి. "ఇది నిజమైన తేడానా, కాకతాళీయమా?" అని నన్ను అడిగారు. లగ్రాంజ్ సిద్ధాంతం నిరూపణ చూడకుండా రాయగలను, ఆ ప్రశ్నకి మాత్రం నోరు పెగల్లేదు. పక్కనున్న స్టాటిస్టిక్స్ అమ్మాయి పది నిమిషాల్లో జవాబు చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడేళ్లు లెక్కలు చదివాను, డేటాని ప్రశ్నించడం ఒక్కరూ నేర్పలేదు.

మన దగ్గరి సంగతే చూడండి. పలాస జీడిపప్పులో 320 గ్రేడు అంటే పౌను బరువుకి (దాదాపు 454 గ్రాములు) 300 నుంచి 320 పలుకులు తూగాలి. లోడంతా ఎవరూ లెక్కపెట్టరు, కొన్ని డబ్బాలు తెరిచి చూస్తారు. ఎన్ని తెరిస్తే నమ్మొచ్చు? ఏవి తెరవాలి? అదొక పూర్తి శాస్త్రం. మ్యాథ్స్ మైనర్‌లో దాని ఊసు రాదు.

నాగావళి గట్టు:

మావయ్యగారి మాట తేలిగ్గా తీసిపారేయకండి. మన జిల్లాల్లో డీఎస్సీ అంటే ఏమిటో బయటివాళ్లకి తెలీదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు అని వచ్చిన రోజు మా వీధిలో పండగలా ఉంది. స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్‌కి డిగ్రీలో ఏం చదివారో, బీఈడీలో మెథడాలజీ ఏమిటో చూస్తారు. నేను ఆ దారిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ఆ ఆలోచన ఉంటే మైనర్‌తో సరిపెట్టుకోవాలని చూడకండి, మేజరే మ్యాథ్స్ అయితే ఏ ఇబ్బందీ ఉండదు.

కానీ అన్నయ్యా, మీ చెల్లికి టీచర్ అవ్వాలని ఉందా? మీ పోస్టులో మావయ్యగారి మాట ఉంది, సార్ మాట ఉంది. ఆ అమ్మాయి మాట లేదు.

ఆమదాలవలస అన్నయ్య:

మీరన్నది నిజమే. ఇప్పుడే అడిగాను. టీచర్ అవ్వాలని లేదంది. డేటా పని ఇష్టమంది. "కానీ స్టాటిస్టిక్స్ అంటే యావరేజీ, మీడియన్, మోడ్, ఇంతేనా? అంతే అయితే మూడేళ్లు దాని మీద ఎందుకు?" అని అడుగుతోంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

సోంపేట సముద్రం:

అంతే కాదమ్మా. నేను డిగ్రీలో మైక్రోబయాలజీ. లెక్కలంటే పారిపోయి వచ్చినదాన్ని. తర్వాత ఆరోగ్య సర్వే పనిలో ఇల్లిల్లూ తిరిగాను. మా ఉద్దానం సంగతి అందరికీ తెలుసు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, ఎటు వెళ్లినా కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లు ఉంటుంది. ఏళ్లుగా పరిశోధిస్తున్నా, ఇదే కారణం అని ఖాయంగా తేలలేదు.

ఎందుకు తేలలేదో అర్థం కావాలంటే స్టాటిస్టిక్స్ కావాలి. జబ్బు ఉన్నవాళ్లు ఏ బోరు నీళ్లు తాగుతున్నారో రాస్తాం. వాళ్లే ఎండలో కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేస్తారు. వాళ్లే ఒళ్లు నొప్పుల మాత్రలు ఎక్కువగా వేసుకుంటారు. వయసూ ఎక్కువే. అన్నీ ఒకరిలోనే కలిసి ఉంటే, దోషం నీళ్లదా, ఎండదా, మాత్రలదా? వయసు సమానంగా ఉన్నవాళ్లని పోల్చాలి, ఎండలో పనిచేసే గంటలు సమానంగా ఉన్నవాళ్లని పోల్చాలి. ఇన్నీ ఒకేసారి చూడడానికి లాజిస్టిక్ రిగ్రెషన్ అని ఒక పద్ధతి ఉంది. మా మేడం దాన్ని వివరిస్తుంటే నాకు తల తిరిగింది. ఆ రోజు ఏడుపొచ్చింది. నేను తిరిగి తెచ్చిన కాగితాలే అవి. అవి ఏం చెబుతున్నాయో చదవడం నాకు రాదు.

యావరేజీ అన్నది గడప. ఇల్లు లోపల ఉంది.

చీపురుపల్లి:

ఉద్యోగాల సంగతి ఒకటి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకి డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా ఇంటర్ మ్యాథ్స్‌లో 60 శాతం ఉండాలి. కాబట్టి దానికి మైనర్ ఏదైనా ఫర్వాలేదు. స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ పోస్టుకి మాత్రం డిగ్రీ మూడేళ్లూ స్టాటిస్టిక్స్ చదివి ఉండాలని అడుగుతారు. రెండో సెమిస్టర్ నుంచి మొదలయ్యే మైనర్ దానికి చెల్లుతుందా అని ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. తర్వాత తిరగడం కష్టం.

లెక్కల మేష్టారు, బొబ్బిలి:

సోంపేట అమ్మ రాసింది రెండుసార్లు చదివాను. ఆమె చెప్పిన రిగ్రెషన్ దేని మీద నడుస్తుందో ఇక్కడే చెప్పాలి. సర్వే అంకెల పట్టీని ఎక్స్ అనుకోండి. మామూలు రిగ్రెషన్‌లో అంచనాలు కట్టాలంటే ఎక్స్ ట్రాన్స్‌పోజ్‌ని ఎక్స్‌తో గుణించి, దాని విలోమం తీసుకోవాలి. అది మాత్రిక, అంటే మ్యాట్రిక్స్. నీళ్లు, ఎండ, మాత్రలు మరీ కలిసిపోయి ఉంటే ఆ విలోమం నిలకడగా రాదు. అంటే ఆమె పడ్డ ఇబ్బంది లీనియర్ ఆల్జీబ్రాలో ఒక పేరున్న ఇబ్బందే.

స్టాటిస్టిక్స్‌లో ప్రపంచానికి తెలిసిన మన సి.ఆర్. రావు గారి దారి చూడండి. విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివారు. ఆ తర్వాతే 1941లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి స్టాటిస్టిక్స్‌లో అడుగుపెట్టారు. 25 ఏళ్లకే, 1945లో, ఈ రోజుకీ ఆయన పేరుతో చెప్పుకునే క్రామర్-రావు హద్దు (ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు) ఉన్న పేపరు రాశారు. 2023లో 102 ఏళ్ల వయసులో స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. ముందు లెక్కలు గట్టిపడ్డాయి, తర్వాత ఆ కొమ్మ మీద పండు కాసింది.

రాజాం కోడర్:

ఆయన్ని తలుచుకుంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ మేష్టారూ, ఆయన తీసుకున్నది పూర్తి మ్యాథ్స్. ఈ అమ్మాయికి దొరికేది కొద్ది పేపర్ల మైనర్. ఆ కొద్దిలో లీనియర్ ఆల్జీబ్రా ఏ సెమిస్టర్‌లో ఉంది, అసలు ఉందా? అది చూడకుండా "మ్యాథ్స్" అనే పేరు చూసి తీసుకుంటే నాలాగే అవుతుంది. ఎంటెక్ సీట్లకి రాసే గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపరు వచ్చింది. దాని సిలబస్‌లో ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్ అన్నీ ఉన్నాయి. రెండిటిలో ఏది కాలేజీలో మనిషి దగ్గర నేర్చుకోవాలి, ఏది సొంతంగా నేర్చుకోగలం అన్నదే నా లెక్క. మాత్రికల సాధన సొంతంగా చేసుకోవచ్చు, జవాబు సరిపోయిందో లేదో మనకే తెలుస్తుంది. డేటా నుంచి తప్పు తీర్పు చెబితే మాత్రం తప్పని చెప్పేవాళ్లు పక్కన ఉండాలి.

కోట దగ్గర, విజయనగరం:

బైపీసీ పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. నేను బైపీసీ చేసి డిగ్రీకి కంప్యూటర్స్ వైపు వచ్చాను. డిగ్రీలో మ్యాథ్స్ తీసుకోలేదు. ఐసెట్ రాసి ర్యాంకు తెచ్చుకున్నాక, అప్పటి నిబంధన ప్రకారం ఎంసీఏకి ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ మ్యాథ్స్ ఉందా అని అడిగారు. ఒక ఏడు పోయింది. మీ పరిస్థితి ఈ చెల్లి పరిస్థితి లాంటిది కాదు, మీకు మాత్రం మ్యాథ్సే.

ఆమదాలవలస చెల్లి:

నమస్కారం. అన్నయ్య ఫోన్లోంచి నేనే రాస్తున్నాను. నిన్న కాలేజీ లైబ్రరీలో రెండు మైనర్ల సిలబస్ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. మ్యాథ్స్‌లో మొదటి పేపరు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా చివర్లో ఉంది. స్టాటిస్టిక్స్‌లో మొదటి నుంచే ప్రాబబిలిటీ, తర్వాత శాంపిల్ సర్వేలు, పరికల్పన పరీక్షలు. సోంపేట అక్క అడిగిన ప్రశ్న నా తలలోంచి పోవడం లేదు. మా పెద్దమ్మ వాళ్లది మందస. డయాలసిస్‌కి పలాస వెళ్లి వస్తారు.

స్టాటిస్టిక్స్ రాసిచ్చాను. మేష్టారూ, మీరు చెప్పింది వదలను. కంటిన్యుయస్ వేరియబుల్స్ దగ్గర ఇంటెగ్రేషన్ ఎలాగూ ఎదురొస్తుందని సిలబస్‌లోనే కనిపించింది. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో లీనియర్ ఆల్జీబ్రా క్లాసులు ఉన్నాయి, సెలవుల్లో మొదలుపెడతాను. మావయ్యకి ఇంకా చెప్పలేదు.

లెక్కల మేష్టారు, బొబ్బిలి:

నా అభిప్రాయం మారలేదు తల్లీ. అయినా కాగితాలు ముందు పెట్టుకుని చదివి తేల్చుకున్నావు, అది నాకు నచ్చింది. ఇంటెగ్రేషన్‌లో ఎక్కడ ఆగిపోయావో ఆ లెక్క ఇక్కడే రాయి. బొమ్మ గీసి పెడతాను.