తెరచాప పడవలో కాపురం: రోజంతా ఎలా గడుస్తుంది?

వేళచ్చేరి_శారద:
మా చిన్నాన్న, పిన్ని ఉద్యోగ విరమణ తరువాత ఒక తెరచాప పడవ కొనుక్కుని, మలేషియాలోని లంకావి దీవుల దగ్గర అందులోనే ఉంటున్నారు. జనవరిలో మమ్మల్ని రెండు వారాలు రమ్మన్నారు. పిన్నిని అడిగితే "హాయిగా ఉంటుందమ్మా, వచ్చి చూడు" అంటుందే తప్ప వివరం చెప్పదు. మావారికి పని లేకుండా కూర్చోవడం చేతకాదు. పన్నెండేళ్ళ పాప ఉంది. ఎక్కడికీ కదలకుండా లంగరు వేసి ఉన్న రోజున ఏమి చేస్తారు? నీళ్ళు, కరెంటు, వంట ఎలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

తిరువాన్మియూరు_లంగరు:
శారదగారూ, తప్పకుండా వెళ్ళండి. చెన్నైకి తిరిగి రాకముందు నేనూ మా ఆవిడా అక్కడే 36 అడుగుల పడవలో ఉండేవాళ్ళం. జనవరి నెల కూడా మంచిదే. మనకు వానలు కురిపించే ఈశాన్య గాలి మలయా ద్వీపకల్పం దాటి అక్కడికి పొడిగా చేరుతుంది.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు, కాబట్టి ఏడు దాటితే గానీ తెల్లవారదు. లేవగానే మొదటి చూపు ఒడ్డు మీదికే. నిన్న చూసుకున్న గుర్తులు అంతే దూరంలో ఉంటే లంగరు జారలేదన్నమాట. తరువాత బ్యాటరీ. మాది లెడ్ యాసిడ్ రకం, 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం ఖర్చయినట్టు. ఆపైన అడుగు పలక ఎత్తి, అక్కడ నీరేమైనా చేరితే వేలితో అద్ది రుచి చూస్తాను. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వస్తోంది, చప్పగా ఉంటే మన ట్యాంకే కారుతోంది. ఈ మూడూ చూశాకే కాఫీ.

గ్యాసు సంగతి మీ పాపకు కూడా నేర్పండి. వంట గ్యాసు గాలికంటే బరువైనది. ఇంట్లో అయితే తలుపు తెరిస్తే బయటికి పోయే దారి ఉంటుంది, పడవలో మాత్రం అడుగుకు దిగి అక్కడే నిలిచిపోతుంది. అందుకని స్టవ్వు ఆపితే చాలదు, ప్రతిసారీ సిలిండరు దగ్గరే గ్యాసు ఆపేయాలి.

ఇక హాయి విషయం. అక్కడ రోజును నడిపేది సూర్యుడు. ఇడ్లీపిండి రుబ్బాలంటే మా ఆవిడ మిట్టమధ్యాహ్నం దాకా ఆగేది, సోలార్ పలకలు బాగా పని చేసేది అప్పుడే కాబట్టి. ఆ వేడికి పిండి రాత్రికల్లా పొంగిపోతుంది. లంగరు మీద ఉన్న పడవ సాధారణంగా గాలికి ఎదురుగా తిరిగి నిలుస్తుంది. ముందువైపు పైతలుపు తెరిచి, పైన గుడ్డ పందిరి కట్టుకుంటే గాలి నేరుగా పడక మీదికి వస్తుంది. అలాంటి మధ్యాహ్నపు నిద్ర నాకు ఏ ఏసీ గదిలోనూ దొరకలేదు.

మీవారి గురించి దిగులు వద్దు. ఎండకు తెరచాప కుట్లు చివికిపోతుంటాయి, వాటిని కుట్టాలి. పడవ అడుగున పట్టే గుల్లలు గీకాలి. ఇవి తొందరలేని పనులు, కానీ ఎప్పటికీ అయిపోవు. మా దినచర్యలో నాకు బాగా నచ్చినది అదే.

దయాంగ్ బుంటింగ్ దీవిలో మంచినీటి సరస్సు ఉంది. రబ్బరు పడవలో ఒడ్డుకు వెళ్ళి, పర్యాటకులు రాకముందే అందులో ఈత కొట్టండి. ఉప్పునీటి తరువాత ఒళ్ళంతా తేలికపడుతుంది. సముద్రంలో మాత్రం ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు వేసుకోండి. ప్రాణం తీయగల బాక్స్ జెల్లీచేపలు అక్కడ ఉన్నాయి. అవి కుట్టినచోట పోయడానికి వెనిగరు సీసా అందుబాటులో ఉంచమని పిన్నిగారితో చెప్పండి.

విశాఖ_అలలు:
పాపకు వెళ్ళేముందే తారిణి గురించి చెప్పండి. 2017 సెప్టెంబరులో మన నౌకాదళ మహిళా అధికారులు ఆరుగురు ఆ తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరి, భూమిని చుట్టి 2018 మేలో తిరిగివచ్చారు. వారిలో స్వాతి మా విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. చెన్నై హార్బరులో 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. తెరచాప నడపడం నేర్పుతారేమో అక్కడ అడిగి చూడండి. పాప చేత ఒక్కసారి చుక్కాని పట్టించండి, ఆ తరువాత ఇక ఆమె మిమ్మల్ని లాక్కెళుతుంది.

వేళచ్చేరి_శారద:
ఎంత ఓపికగా చెప్పారండీ! మావారు గుల్లలు గీకే సంగతి రెండుసార్లు చదివారు. స్నానం గురించి కూడా చెప్పండి. ఇక్కడి నుంచి ఏమి తీసుకెళ్ళమంటారు?

తిరువాన్మియూరు_లంగరు:
ముందు సముద్రపు నీటితోనే స్నానం, చివర రెండు చెంబుల మంచినీళ్ళు. సబ్బు ఆ ఉప్పునీటిలో నురగ రాదు, షాంపూ వస్తుంది. గిన్నెలకూ ఇదే పద్ధతి. కాఫీపొడి, చింతపండు, పాపకు పుస్తకాలు తీసుకెళ్ళండి. గట్టి పెట్టెలు వద్దు, ఖాళీ అయ్యాక వాటిని పెట్టే చోటు పడవలో ఉండదు. మడిచే సంచులే సర్దుకోండి.