ప్రహరీ గోడ మీద ఏ వేణుమాధవ్? పెద్దోళ్ల పేర్లకు ఇంటిపేరు రాయాల్నా, వద్దా?

మట్టెవాడ మాస్టర్:
మా బడి ప్రహరీ గోడ మీద మన దిక్కు పేరుపడ్డోళ్ల బొమ్మలు వేయిస్తున్నం. మొత్తం పన్నెండు మంది. జాగ తక్కువ, పైగా పెయింటర్ అక్షరాల లెక్కన పైసలు తీసుకుంటడు. అందుకే చీటీ మీద పొట్టిగ రాసిచ్చిన: రుద్రుడు, సోమన, వేణుమాధవ్, ఐలమ్మ, కొమురయ్య, గిట్ల. మొన్న పోయి చూస్తే మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు ఉండాల్సిన జాగల సినిమా కమెడియన్ వేణుమాధవ్ నవ్వుతున్నడు! పాపం ఆయన ఫోన్ల పేరు కొట్టి, మొదలు వచ్చిన ఫోటో చూసి దించిండు. తప్పు చీటీ రాసిన నాదే.

ఇగ స్టాఫ్ రూంల పంచాయితీ మొదలైంది. అందరికీ ఇంటిపేరు రాయాలె అని సగం మంది. ఇంటిపేరు రాస్తే పిల్లలు మనిషిని ఇడిసిపెట్టి కులం వెతుకుతరు, వద్దే వద్దు అని సగం మంది. మీరేమంటరు?

కాజీపేట జంక్షన్:
పెయింటర్‌ను ఏమనకుండ్రి సార్. ఆ కమెడియన్, కోదాడ వేణుమాధవ్ గూడ మిమిక్రీ చేసుకుంటనే పైకొచ్చిండు. పేరొకటే, పని గూడ ఒకటే అయితే ఆయనేం జేస్తడు. నేరెళ్ల వారు పోయింది 2018 జూన్‌ల, ఈయన పోయింది 2019 సెప్టెంబర్‌ల. రెండోసారి వార్త రాంగనే మా మామ "గాయన పోయినేడే పోయిండు గదరా, మళ్ల ఎట్ల పోతడు" అని ఇంట్ల లొల్లి లొల్లి చేసిండు.

పాలంపేట బాట:
చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నా ఓటు ఇంటిపేరుకే. వేణుమాధవ్ సంగతి తర్వాత, ముందు మీ చీటీలో రుద్రుడు ఎవరో చెప్పండి. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి శాసనం వేయించిన రుద్రదేవుడు కాకతీయ రాజు. 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుడి సేనాని. ఇద్దరి మధ్య యాభై ఏళ్లు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మా కాలనీలో కట్టిన ఫ్లెక్సీ మీద ఈ ఇద్దరినీ కలిపి ఒక్కణ్ణి చేసేశారు! అంతటితో అయిపోలేదు. రుద్రమదేవి కూడా శాసనాల్లో రుద్రదేవ మహారాజే. ఆమె మనవడు ప్రతాపరుద్రుడు. మొదటి రుద్రదేవుణ్ణి కూడా ప్రతాపరుద్రుడని పిలిచేవాళ్లున్నారు. ఓరుగల్లు కోటలో నిలబడి "రుద్రా" అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. "రేచర్ల" అన్న మూడక్షరాలు లేకపోతే ఆ సేనాని పని రాజు ఖాతాలో పడుతుంది. పడుతూనే ఉంది కూడా.

సోమన సంగతీ అంతే. బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడు వేరు, ఉత్తర హరివంశం రాసిన నాచన సోమన వేరు. మీ గోడ మీద ఉన్నది పాలకుర్తి ఆయన, అంటే పాల్కురికే అనుకుంటాను.

మడికొండ పిల్ల:
సార్, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంట గని, దీనికి మందు ఇంటిపేరే అంటే ఒప్పుకోను. కాళోజీ అంటే మీకు ఎవరు యాదికొస్తరు? నారాయణరావే గదా. ఆయన అన్న రామేశ్వరరావు ఉర్దూల కవిత్వం రాసిండు, ఆయనది గూడ కాళోజీ ఇల్లే. దాశరథి అంటే కృష్ణమాచార్య. మరి రంగాచార్య ఏమైండు? ఇద్దరూ చిన్నగూడూరు అన్నదమ్ములే, ఇద్దరూ నిజాంకు ఎదురు నిలిచినోళ్లే. ఇంటిపేరు ఒక్కల్నే గట్టెక్కిస్తది, రెండో ఆయనను మింగేస్తది.

ఇగ రేచర్ల అంటరా, ఆ పేరు అటు రుద్రుడి రెడ్డి వంశానికి ఉంది, ఇటు రాచకొండ ఏలిన పద్మనాయకులకు ఉంది. గోడ మీద రాసిన తెల్లారే "మావాడు" అంటే "మావాడు" అని రెండు దిక్కులకెల్లి వస్తరు. బడి గోడకు ఆ కొట్లాట అవసరమా?

పాలంపేట బాట:
అమ్మా, కొట్లాట అవుతుందని సేనానిని రాజును చేద్దామా?

సిరిసిల్ల సాంచె:
మా దిక్కు ఈ రంది లేదు. హనుమాజీపేట నారాయణరెడ్డి ఇంటిపేరు సింగిరెడ్డి అని మావోళ్లల్ల ఎంతమందికి ఎరుక? సినారె అంటే అయిపాయె. 1988ల జ్ఞానపీఠ్ వచ్చింది గూడ జనం నోట్ల సినారెకే. అటు 1952 ఎన్నికలల్ల నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న నల్లగొండ నారాయణరెడ్డికి మాత్రం 'రావి' తగిలించాల్సిందే, లేకుంటే ఎవ్వలు గుర్తువట్టరు. జనం ఎట్ల పిలిస్తే అట్ల రాయుండ్రి సార్, ఒకే రూలు ఎందుకు?

ఐనవోలు జాతర:
అసలు గిన్ని పేర్లు ఎందుకు కలుస్తయో ఆలోచించిండ్రా? మన దిక్కు పేరు పెట్టేది అమ్మానాయిన కాదు, దేవుడు. ఐలోని (ఐనవోలు) మల్లన్నకు మొక్కితే ఐలయ్య, ఐలమ్మ. కొమురెల్లి మల్లన్నకు మొక్కితే కొమురయ్య. మేడారం పోయొస్తే సమ్మయ్య, సారక్క. మా ఊరి ఓటరు లిస్టుల ఒక్క పేజీల ఐదుగురు కొమురయ్యలు, తండ్రి పేరు చూస్తే గని తెల్వది. ఊర్లె అయితే పొడుగు కొమురయ్య, బాయికాడి కొమురయ్య, మిల్ట్రీ కొమురయ్య.

ఇంకో మాట. కొమురయ్యకూ కొమురం భీంకూ చుట్టరికం ఉందనుకుంటరు పిలగాండ్లు. కొమురం అన్నది గోండోళ్ల ఇంటిపేరు, మల్లన్న కొమురయ్యతోని దానికేం సంబంధం లేదు. తెలంగాణ రైతాంగ పోరాటంల, 1946 జులై 4న కడవెండిల తూటా తగిలి ఒరిగింది దొడ్డి కొమురయ్య. ఆ 'దొడ్డి' మాత్రం తియ్యకుండ్రి సార్, దండం వెడత.

పాలకుర్తి ఆడబిడ్డ:
ఐలమ్మ దగ్గరికి వచ్చిండ్రు గాబట్టి అడుగుత. ఏం రాస్తరు? ఆమె ఇంటిపేరు చిట్యాల. లోకం అనేది చాకలి ఐలమ్మ. అది ఇంటిపేరు కాదు, కులం. విసునూరు దొర ఆమె పంట మీదికి మనుషులను తోలితే ఎదురునిల్చింది, 1985ల పోయేదాంక మా పాలకుర్తిలనే బతికింది. రెడ్డి దొరకు పేరు వెనుక కులం ఉంటే దర్జా అయింది, ఆమెకు పేరు ముందల వెడితే గుర్తు అయింది. నేనైతే చిట్యాల అనే రాస్త.

కాజీపేట జంక్షన్:
కని అక్కా, 2024ల కోఠి మహిళా యూనివర్సిటీకి పెట్టిన పేరు వీరనారి చాకలి ఐలమ్మ. ఆ కులపోళ్లే జెండా మీద అట్ల రాసుకుంటున్నరు. రచయిత కంచ ఐలయ్య సార్ పేరు చివర షెపర్డ్ (గొర్ల కాపరి) అని తనకు తానే పెట్టుకున్నరు. వాళ్లు తలెత్తుకొని చెప్పుకునేదాన్ని మనం చాటుకు వెడితే అది మర్యాదెట్లైతది?

పాలకుర్తి ఆడబిడ్డ:
తమ్మీ, తనకు తాను పెట్టుకునుడు వేరు, ఊరోళ్లు తగిలించుడు వేరు. ఐలమ్మను ఎవ్వలన్న అడిగిండ్రా?

మడికొండ పిల్ల:
నేను ఇంటిపేరు వద్దన్నదాన్నే. అయినా ఈ ఒక్క కాడ అక్క దిక్కు ఉంట. చాకలి అన్నంక కింద ఇంకేం రాసినా పిలగాండ్లు చదవరు.

పాలంపేట బాట:
మీరు ఒప్పుకోవడం బాగుంది. నేనూ ఒక మెట్టు దిగుతాను. ఇంటిపేరు ఒక్కటే రాస్తే చాలదు, కింద చిన్న అక్షరాలతో ఊరు, పని, ఏడు రాయించండి. "రేచర్ల రుద్రుడు, రామప్ప గుడి, 1213." అప్పుడు ఏ రుద్రుడని ఎవరూ అడగరు.

ఐనవోలు జాతర:
అక్షరాలు పెరిగినయి, పైసలు ఎవలిస్తరు సార్?

మట్టెవాడ మాస్టర్:
పైసల సంగతి హెడ్ మాస్టర్‌తోని మాట్లాడిన, పన్నెండు బొమ్మలు పదికి తగ్గించుమన్నడు. ఎవల్ని తీసెయ్యాల్నో అది ఇంకో పంచాయితీ. ఇప్పటికైతే నేరెళ్ల, రేచర్ల, పాల్కురికి, దొడ్డి ఖాయం. కమెడియన్ బొమ్మ మీద సున్నం కొట్టిస్త అంటే ఏడో తరగతి పిలగాండ్లు ఒప్పుకుంటలేరు, ఆయన్ను గూడ ఉంచుమని ఒకటే గోల. ఐలమ్మ బొమ్మ అయిపోయింది. రేపు పొద్దుగాల పెయింటర్ వస్తడు. ఆమె పేరు ముందల నాలుగు అక్షరాల జాగ ఖాళీ ఇడువుమని చెప్పిన.